పిండి పడుకునే వేళ

మా పెద్దమ్మకు ఉన్నది ఒకటే పిచ్చి. పిండికి నిద్ర కావాలంటుంది.

రొట్టె పిండి కలిపి తడిగుడ్డ కప్పి పక్కన పెడితే అది పొంగుతుందని లోకంలో అందరికీ తెలుసు. పెద్దమ్మ దగ్గర మాత్రం ఆ మాట అనకూడదు. "పొంగడానికి అదేమన్నా పాలా? పడుకుంటుందే. హాయిగా పడుకుని కాస్త ఒళ్ళు చేస్తుంది," అనేది. ఉదయం తొమ్మిదింటికి పిండిని పడుకోబెట్టేది, మధ్యాహ్నం రెండింటికి లేపేది. ఆ ఐదు గంటలూ ఆ మూడంతస్తుల మేడలో ఎవరూ పెద్దగా మాట్లాడకూడదు. మెట్ల మీద చెప్పులు టపటపలాడకూడదు. తలుపు వేస్తే చప్పుడు రాకూడదు. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళి తుమ్మి రావాలి. ఎవరైనా నోరు తెరిచారంటే చాలు, ఆవిడ చూపుడువేలు పెదాల మీదికి వెళ్ళిపోయేది.

"ఉష్! పిండి పడుకుంది."

అందుకే మేడలో అందరూ ఆవిడను ఉష్ పెద్దమ్మ అనేవారు. ఎదురుగానే అనేవారు, కాకపోతే రెండు దాటాక అనేవారు.

ఇక నా గొంతు సంగతి. నేను మామూలుగా మాట్లాడితేనే పక్క వీధిలో వాళ్ళు "ఆఁ, వస్తున్నా!" అని పలికేవారు. ఇంత గొంతు ఊరికే పోతోందే అని మా అమ్మ బాధపడి, రైల్వే స్టేషనులో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగానికి నా చేత దరఖాస్తు పెట్టించింది. గొంతు పరీక్షకు మూడుసార్లే రానిస్తారు. రెండుసార్లు నేను నోరు తెరవగానే పరీక్ష అధికారులు చెవులు మూసుకున్నారు. మూడోది మిగిలింది. "స్టేషను పక్కనే మా అక్క ఉంది. వెళ్ళి అక్కడ పన్నెండు రోజులు గొంతు సాధన చెయ్యి," అని అమ్మ నన్ను పంపింది. చెవిటివాడి దగ్గరికి పాట నేర్చుకోవడానికి పంపినా ఇంతకన్నా నయంగా ఉండేది.

నేను వెళ్ళేసరికి ఉదయం పది. గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా! నేనొచ్చేశా!" అన్నాను.

లోపల ఏదో పడింది. పెదనాన్న మునివేళ్ళ మీద పరుగెత్తుకొచ్చి ఒక పలక చూపించాడు. దాని మీద ముందే రాసి ఉంది: "అరవకు. పిండి." నేను తెల్లబోయి చూస్తుంటే దాన్ని చేత్తో తుడిచి మళ్ళీ రాశాడు: "బాగున్నావా? అమ్మ బాగుందా?"

పెదనాన్న ముప్పై ఏళ్ళు గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. హాలు గోడలకి ఏడు గడియారాలుండేవి, అన్నీ గంటలు కొట్టేవే. తొమ్మిది కొట్టగానే స్టూలెక్కి ఏడింటి గంటలకీ దూది కుక్కేవాడు, రెండు కాగానే మళ్ళీ స్టూలెక్కి తీసేవాడు. ఆ మధ్యలో ఏడు లోలకాలు అటూ ఇటూ ఊగుతూనే ఉండేవి, గంట మాత్రం వినపడేది కాదు. ఆ హాల్లో కాసేపు కూర్చుంటే ఇవాళ ఏ వారమో, నేనెక్కడున్నానో కూడా మరిచిపోయేదాన్ని.

అసలు సామ్రాజ్యం వెనకగది. పెద్దమ్మ వంటింట్లో మైదాపిండిలో గోరువెచ్చని నీళ్ళు, ఉప్పు, కాస్త వెన్న, చిటికెడంటే చిటికెడే ఈస్టు వేసి, అరచేతి మొదలుతో నొక్కుతూ మడతపెడుతూ పావుగంట పిసికేది. చెవి తమ్మెంత మెత్తగా అయ్యాక పెద్ద పింగాణీ బేసినులో పెట్టి, తడిగుడ్డ కప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా వెనకగదికి మోసుకెళ్ళేది. అక్కడ గోడవార బల్ల మీద పెట్టి, తెర సగం లాగి, పక్కనే కుర్చీలో ఉన్ని అల్లుకుంటూ కూర్చునేది. తెర సందులోంచి వచ్చిన ఎండలో పిండి ధూళి తేలుతూ ఉండేది. తడిగుడ్డ కనీకనపడకుండా మెల్లగా పైకి లేచేది. ఒకసారి దాన్నే చూస్తూ నేలమీద కూర్చున్నదాన్ని, కళ్ళు తెరిచేసరికి ఒంటిగంట. నాకూ ఒక దుప్పటి కప్పి ఉంది.

ఊరుకునే రకాన్ని కాదుగా, అలమరలో ఉన్న వంటల పుస్తకం తీసి చదివాను.

"పెద్దమ్మా, పుస్తకంలో చెంచాడు ఈస్టు వెయ్యమని ఉంది. నువ్వు చిటికెడే వేస్తున్నావేంటి?" అని గుసగుసగా అడిగాను.

"చెంచాడు వేస్తే దానికి కలత నిద్ర పడుతుంది."

"వెచ్చని చోట పెట్టమన్నారు. ఈ ఇల్లంతటికీ చల్లటి గది ఇదేగా?"

"ఉక్కపోతలో నీకు నిద్రపడుతుందటే?"

"గంటన్నర చాలని రాశారు పెద్దమ్మా!"

"ఆ రాసినాయన ఎప్పుడూ సరిగా పడుకుని ఉండడు, పాపం."

మరి ఈ కథ గురువారం నాడు తలకిందులయ్యేది. గురువారం పిండికి నిద్ర రాదట! ఆ రోజు పెద్దమ్మ ఈస్టు జోలికే పోకుండా, వెన్న పెట్టి పొరలు పొరలుగా మడతలేసే పఫ్‌లు చేసేది. కర్ర పెట్టి వెన్నను దబదబా బాదుతూ, పాత పాటలు గొంతెత్తి పాడేది. పెదనాన్న వారానికి సరిపడా తుమ్మేవాడు. ఏడు గడియారాలూ ఒకదాని మీద ఒకటి పడి గంటలు కొట్టేవి. నేను ఒక్క గురువారమే నోరారా ప్రయాణికులకు విజ్ఞప్తి చేసుకునేదాన్ని. "గురువారం ఏమిటి దాని ప్రత్యేకత?" అని అడిగితే, "దాన్నే అడుగు," అనేది.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. బన్నులు నలభై! ఉల్లిపాయ కూరినవి కొన్ని, బంగాళాదుంప కూరినవి కొన్ని, పాలు పూసి నువ్వులు చల్లినవి కొన్ని. నాలుగింటికి ఓవెను తెరిస్తే ఆ వాసనకు మేడ మేడంతా మెట్ల మీదికి వచ్చేసేది. కింద వడ్రంగి బాబాయి, పైన కుట్టుమిషను అక్క, ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను, అందరికీ తలా రెండు. వడ్రంగి బాబాయి ఆ ఐదు గంటలూ సుత్తి పట్టేవాడు కాదు, గరుకు కాగితంతో నున్న చేసే పనులే పెట్టుకునేవాడు. కుట్టుమిషను అక్క గుండీలు, కాజాలు చేత్తో కుట్టుకునేది. ఒక పిండిముద్ద కోసం ఇంతమంది నోరు కట్టుకుని కూర్చుంటారా అని నేను ముక్కుమీద వేలేసుకున్నాను.

వీళ్ళందరినీ మించిన భక్తుడు పక్క వాటాలో అంబులెన్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, మాట మాత్రం చీమకి కూడా వినపడదు. రాత్రంతా డ్యూటీ చేసి ఏడింటికి వచ్చేవాడు. నేను రావడానికి రెండు నెలల ముందు, ఒక తెల్లవారుజామున తిరిగి వస్తూ క్షణం కన్ను మూశాడట. బండి వెళ్ళి దీపస్తంభానికి కొట్టుకుంది. అదృష్టం, బండిలో రోగి ఎవరూ లేరు. "ఇంకొక్కసారి కునికావంటే తాళాలిచ్చి ఇంటికి పో," అని ఆఫీసులో కాగితం చేతిలో పెట్టారు. ఆ ఉద్యోగం తప్ప ఆయనకు వేరే పని రాదు, ఆయన జీతం మీద ఒక చెల్లెలు చదువుకుంటోంది. ఈ సంగతి మేడంతా జాలిగా చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషి కూడా పెద్దమ్మ పిండికి భయపడి బూట్లు చేతిలో పట్టుకుని మెట్లెక్కేవాడు. ఒకరోజు గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మగారూ, ఒక మాట. నేను నిద్రలో గురక పెడతానని మా చెల్లి అంటుంది. మీ వెనకగదికీ నా గదికీ మధ్య ఉన్నది చెక్క గోడే. మీ పిండికేమైనా..."

"నీ గురకా? అది దానికి జోలపాట నాయనా! గురక ఆగితేనే ఉలిక్కిపడుతుంది."

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే బాగా పెడతానండి," అని మాటిచ్చి వెళ్ళాడు.

ఇంతమంది ఆనందంగా ఉంటే కుమిలిపోయింది నేనొక్కదాన్నే. ఎనిమిది రోజులు గడిచిపోయాయి, పరీక్ష నాలుగు రోజుల్లో పడింది. నోరు విప్పబోతే ఉష్, గొంతు సవరించుకోబోతే ఉష్! ఒళ్ళు మండిపోయింది. పిండికి చెవుల్లేవని రుజువు చేసి పారేస్తే సరి అనుకున్నాను.

మంగళవారం నాడు అదను దొరికింది. పెదనాన్నకు కళ్ళజోడు మార్పించాలని ఇద్దరూ బయల్దేరారు. పెద్దమ్మ పిండిని పడుకోబెట్టి, నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ కాపలా నీదేనే. నీ మీద నమ్మకంతో వెళ్తున్నా," అంది. ఆ మాటకు కాస్త గుచ్చుకుంది కానీ, మనసు రాయి చేసుకున్నాను.

వాళ్ళు వీధి మలుపు తిరగగానే నేను వేరే పిండి కలిపాను. పుస్తకంలో ఉన్నట్టే చెంచాడు ఈస్టు. దాన్ని ఇంకో బేసినులో తెచ్చి పెద్దమ్మ బేసిను పక్కనే పెట్టాను. కుర్చీ ఎక్కి, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి రావలసిన బండి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చును!"

ఎనిమిది రోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆ తర్వాత స్టేషను గంటకు బదులు ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో వాయించాను. ఏడు గడియారాల్లోంచీ దూది పీకేశాను, పదకొండు కాగానే అవన్నీ ఏకమై మోగాయి. నా పిండి నిద్ర లేవలేదు సరికదా, నేను వాయించినకొద్దీ బేసిను అంచు దాటి పైకి వచ్చింది. "చూశావా! చూశావా!" అని దాన్నే అభినందించాను.

అప్పుడు వీధి తలుపు మీద గోటితో గీరినట్టు చిన్న చప్పుడైంది.

తీసి చూస్తే డ్రైవరు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బూట్లు మాత్రం చేతిలోనే ఉన్నాయి.

"చెల్లెమ్మా, బండి ఆలస్యమని వినపడింది. ఖర్మ కాలి స్టేషనులో ఎక్కడో కునికానేమో అనుకుని అదిరిపడి లేచా. చూస్తే నా మంచమే." ఒక్కసారి లోపలికి తొంగిచూసి గొంతు ఇంకా తగ్గించాడు. "ఇంతకీ పిండి లేచిపోయిందా? నేను పెందరాళే గురక ఆపేశానా ఏంటి?"

చెక్క గోడ. రాత్రి డ్యూటీ. గురువారం ఆయన సెలవు, చెల్లెలి దగ్గరికి వెళ్ళే రోజు. ఇన్నాళ్ళూ నా కళ్ళెదుట ఉన్నవన్నీ అప్పుడు కనపడ్డాయి. సాయంత్రం మళ్ళీ ఈయన బండెక్కాలి. నేను గరిటె వెనక్కి దాచుకున్నాను.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మా పెదనాన్నా మెట్లెక్కి వచ్చారు. పెద్దమ్మ నా మొహం చూసింది, డ్రైవరు కళ్ళు చూసింది, నా చేతిలో ఇత్తడి పళ్ళెం చూసింది. ఆయన వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం నాయనా, ఇదేనా నాకిచ్చిన మాట? నువ్వు లేచి ఇలా తిరుగుతుంటే నా పిండి ఎలా పడుకుంటుంది? నలభై బన్నులు నా నెత్తినేసుకోవాలా?"

"అయ్యయ్యో, తప్పైపోయిందండి! ఇప్పుడే వెళ్తా!"

"వెళ్ళి గట్టిగా గురకపెట్టు. ఆరు దాకా లేవకూడదు. ఇవాళ దానికి ఆరు దాకా నిద్ర కావాలి."

ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

నేను పొంగిన నా పిండి వైపు చూపించి, "చప్పుడు చేసినా పొంగింది పెద్దమ్మా," అన్నాను. గెలిచినవాళ్ళ గొంతు ఇలా ఉండదని నాకే అనిపించింది.

"నాకు తెలియదటే?"

పెదనాన్న పలక వెతకడం మానేసి నోటితోనే గుసగుసలాడాడు. "ముప్పై ఏళ్ళు ఈ ఇంట్లో ఏడు గడియారాలు గంటలు కొడుతుంటేనే పిండి పొంగిందమ్మా. దీనికి నిద్ర అలవాటైంది ఈ రెండు నెలల నుంచే."

"ఆయనకే చెప్పచ్చుగా, నీ కోసం మెల్లగా ఉంటాం పడుకోవయ్యా అని?"

"చెప్పానే. చెప్పిన మర్నాడే పెట్టె సర్దుకున్నాడు. 'నా ఒక్కడి కోసం ఇంతమంది ఇబ్బంది పడతారా, నేనే ఎక్కడికైనా పోతా' అన్నాడు. పోతే? అక్కడెవరు అంటారే ఉష్ అని? ఆ మనిషి తన కోసం ఎవర్నీ గ్లాసుడు నీళ్ళు కూడా అడగడు. అదే పిండి కోసమంటే, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తాడు." తడిగుడ్డ సర్దుతూ నా వైపు తిరిగింది. "అందుకే ఈస్టు చిటికెడు, అందుకే చల్లటి గది. గంటన్నరలో పొంగితే తక్కిన మూడున్నర గంటలు నేనేం చెప్పుకోను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవబోయి, నా ఏడుపు ఎంత పెద్దదో గుర్తొచ్చి మింగేశాను. "నేనేం చెయ్యను పెద్దమ్మా?"

"వెళ్ళి ఇంటింటికీ చెప్పు. పిండి మధ్యలో లేచింది, మళ్ళీ పడుకోబెట్టామని."

ఈ మాట ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కింద వడ్రంగి బాబాయి గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పాను. ఆయన రెండింటికి సుత్తి పట్టుకుందామని సగం చేసిన కుర్చీని ముందు పెట్టుకుని ఉన్నాడు. దాన్ని పక్కకు జరిపి మళ్ళీ గరుకు కాగితం అందుకున్నాడు.

"ఆరింటి దాకానా? దానికేంలేమ్మా. పాపం, పిండికి రాత్రి డ్యూటీ ఉంది కదా."

"మీకు తెలుసా బాబాయ్?"

"మేడలో అందరికీ తెలుసు. తెలియంది ఇద్దరికే. పొద్దుటి దాకా నీకు, ఇప్పటికీ ఆయనకి."

"మరి బన్నుల కోసమని..."

"అదీ ఉందిలే," అన్నాడు నిజాయితీగా. "ఇవాళ ఉల్లిపాయవి రెండెక్కువ ఇమ్మన్నానని చెప్పు."

ఆ మధ్యాహ్నం వెనకగదిలో నేలమీద, గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు గురక వినపడలేదు. ఆయన మంచం కిర్రుమనడం, దుప్పటి సవరించుకోవడం, మళ్ళీ కిర్రుమనడం. పిండి కోసం పడుకోవాలని ఎంత కష్టపడుతున్నాడో! చివరికి దూరాన ఎక్కడో బండి బయల్దేరినట్టు సన్నగా గురక మొదలైంది. పెద్దమ్మ అల్లిక సూదులు ఆపి, కళ్ళు మూసుకుని నవ్వింది. తెర సందులో ఎండ జరిగి జరిగి బల్ల కాళ్ళ దగ్గరికి వచ్చింది. బేసిను మీద గుడ్డ మెల్లగా లేస్తోంది. గోడకవతల గురక, గోడకివతల ఆ గుడ్డ, రెంటిదీ ఒకటే లయ అనిపించింది. మగతలో ఏ పిండి ఏ గదిలో పడుకుందో కూడా తెలియలేదు.

అప్పుడే పెదాలు కదిపీ కదపకుండా నా పాఠం మొదలుపెట్టాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి..." అక్షరం అక్షరం స్పష్టంగా ఉండాలి, గురక మాత్రం ఆగకూడదు. గొంతు కాస్త పెరిగితే గురక తడబడేది. తగ్గించి మళ్ళీ చెప్పేదాన్ని. అంత కఠినమైన గురువు నాకు అంతకు ముందూ లేడు, తర్వాతా లేడు.

నా చెంచాడు ఈస్టు బన్నులు పైకి బ్రహ్మాండంగా ఉబ్బి, లోపల బోలుగా, పుల్లటి వాసనతో వచ్చాయి. వాటిని పెదనాన్నా నేనూ శిక్షగా తిన్నాం. ఆయనకు శిక్ష ఎందుకో ఆయన అడగలేదు.

మర్నాడు ఏడింటికి మేడలో అందరికీ మెట్ల మీదే పని పడింది. కుట్టుమిషను అక్క తుడిచిన మెట్టే తుడుస్తోంది. వడ్రంగి బాబాయి కటకటాన్ని ఊపి ఊపి చూస్తున్నాడు. నేను ఏ పనీ దొరక్క ఊరికే నిలబడ్డాను. బూట్లు చేత్తో పట్టుకుని డ్రైవరు పైకి వస్తుంటే మా అందరి గుండెల్లోంచీ గాలి ఒక్కసారే బయటికి వచ్చింది.

"రాత్రి రెండు ట్రిప్పులండి," అన్నాడు, ఎందుకింతమంది తనను చూస్తున్నారో అర్థంకాక. "ఒకావిడకు ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్ళేలోపే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. కునుకు అన్నదే రాలేదు నాకు." ఆ వెంటనే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నిన్న పిండి సంగతేమైంది?"

"సుబ్బరంగా పడుకుంది," అన్నారు అందరూ ఒకేసారి.

శనివారం నా పరీక్ష అయింది. నా ముందు పదకొండు మంది గదిలో కప్పు ఎగిరేలా అరిచి వచ్చారు. నేను వెళ్ళి, గోడకవతల ఎవరో పడుకున్నట్టే ఊహించుకుని చెప్పాను. పరీక్ష అధికారి ఈసారి చెవులు మూసుకోలేదు, కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్లాట్‌ఫారం మీద పిల్లలు నిద్రపోతుంటారమ్మా. వాళ్ళు లేవకూడదు, వాళ్ళ అమ్మలకు బండి తప్పకూడదు. ఇలా చెప్పడం నీకెవరు నేర్పారు?" అని అడిగాడు.

"పిండి," అనబోయి నాలుక కరుచుకున్నాను. "మా పెద్దమ్మండీ," అన్నాను.

ఆ తర్వాతి గురువారం పొద్దున పెద్దమ్మ వెన్న బాదుతూ పెద్దగా పాడుకుంటోంది. నేను ఇంకా పెద్దగా అందుకుంటున్నాను. గుమ్మంలో డ్రైవరు కనపడ్డాడు. చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాడు కాబోలు, మంచి చొక్కా వేసుకున్నాడు, చంకలో ఏదో పొట్లం. మా పాటలు విని కంగారుగా గుసగుసలాడాడు.

"పెద్దమ్మగారూ, ఇవాళ పిండి పడుకోలేదా?"

"ఇవాళ దానికి సెలవు నాయనా. నువ్వు కూడా గట్టిగా మాట్లాడు."

గట్టిగా మాట్లాడటం ఆయనకు చేతకాలేదు. పొట్లం విప్పి బల్ల మీద పరిచాడు. మూరెడు పొడవున చిన్న బొంత. లోపల దూది కూరి, అంచుల చుట్టూ నీలిదారంతో కుట్టు వేసి ఉంది.

"మా చెల్లి చేత కుట్టించా. ఆ రోజు పాపం మధ్యలో నిద్ర లేచింది కదండీ. పైగా ఆ గది చల్లగా ఉంటుంది. తడిగుడ్డ మీద ఇది కూడా కప్పితే కాస్త హాయిగా పడుకుంటుందేమో అని."

పెదనాన్న తుమ్ము వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ చేతికంటిన వెన్నను ఏప్రనుకు తుడుచుకుని, ఆ బొంతను మెల్లగా నిమిరింది.

"చిటికెడు ఈస్టు కూడా ఎక్కువేనేమో ఇక," అంది. "ఇది కప్పితే మూడింటి దాకా లేవదు."

"నేనూ మూడింటి దాకా గురక పెడతానండి," అన్నాడు ఆయన.